మూడు రెక్కల పటం: మా సంఘం నేర్చుకున్న లెక్క
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్న. ఇంతమంది ముందు మైకు పట్టుకోవడం నాకు కొత్త. మా సంఘం చేసిన మడత పటం గురించి చెప్పమని మేడం గారు అడిగిండ్రు. బయట స్టాల్‌లో మీరు చూసే ఉంటరు. మూస్తే చిన్న అల్మారా తలుపుల లెక్క ఉంటది, తెరిస్తే మూడు పలకల మీద బతుకమ్మ పండుగ కనిపిస్తది. బాగుందని చాలామంది అన్నరు. సంతోషం. కానీ దాని కంటే ముందు మేం చేసిన 20 పటాల కథ మీకు చెప్పాలె. అందులో 12 వెనక్కి వచ్చినయి. ఆ తప్పులో ఎక్కువ భాగం నాదే.

మా సంఘంలో 11 మంది ఉన్నం. అందులో నలుగురం చేర్యాల బొమ్మల పని నేర్చుకున్నం. మేం నకాశీలం కాదు. ఆ విద్య నకాశీ కుటుంబాలది, తరతరాల నుంచి వస్తున్నది. వెనకట ఊరూరు తిరిగి కథలు చెప్పేవాళ్ల కోసం వాళ్లు పొడుగాటి బట్ట పటాలు గీసేటోళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివాళ్లకు మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం, ఇట్ల ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. కథ చెప్పేటాయన పటం కొంచెం కొంచెం విప్పుకుంట చెప్తుంటడు. ఆ కుటుంబాలకు చెందిన ఒక గురువు గారి దగ్గర మేం శిక్షణ తీసుకున్నం. ముందు కొబ్బరి చిప్పల మీద మాస్కులు, తాళం చెవుల బొమ్మలు చేసినం. పని నడుస్తుండె.

రెండేండ్ల కింద జ్యేష్ఠ మాసంలో పట్నం నుంచి ఒక షాపాయన ఫోన్ చేసిండు. బతుకమ్మ పండుగకు మూడు పలకల మడత పటాలు 20 కావాలన్నడు. ఇంగ్లీషులో దాన్ని ట్రిప్టిక్ అంటరట. సెల్‌లో ఫోటోలు పంపిండు. యూరప్ దేశాల చర్చిల్లో ఇట్లాంటి పటాలు పాతకాలం నుంచి ఉన్నయి. నడుమ పెద్ద పలక, రెండు పక్కల తలుపుల లెక్క చిన్న పలకలు. మన దేశంలో కూడా ఇట్లాంటిది ఉన్నది. రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ జిల్లా బస్సీ అనే ఊర్లో వడ్లవాళ్లు కావడ్ అనే చెక్క పెట్టె చేస్తరు. దానికి ఎన్నో తలుపులు. ఒక్కో తలుపు తీసుకుంట కథ చెప్తరు. అది చూసినాక నాకు ధైర్యం వచ్చింది. మన పటం బట్ట మీద విప్పుతరు, వాళ్లది చెక్క మీద తెరుస్తరు, అంతే కదా అనుకున్న.

ఒక్కో పటానికి 1,000 రూపాయలు ఇస్తా అన్నడు. నేను ఫోన్‌లోనే సరే అన్న. మొదటి తప్పు అక్కడ జరిగింది.

మన పంచసూత్రాలు మీకందరికీ తెలుసు. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అప్పులు ఇచ్చుకోవడం, వాయిదా కట్టడం, పుస్తకాలు రాసుకోవడం. నేను సమావేశం పెట్టలేదు. సరుకు కోసం 13,000 రూపాయలు సంఘం నుంచి అప్పు తీసుకోవాలని నేనే తీర్మానం రాసి, పుస్తకం పట్టుకుని ఇల్లిల్లు తిరిగి సంతకాలు పెట్టించిన. నాట్ల పనుల టైము, ఎవరికీ తీరిక లేదు. నువ్వు రాసినవు కదా చెల్లె, మంచిగనే ఉంటది అన్నరు. మా సంఘంలో అందరికన్న పెద్దామె ఉన్నది. మేం పెద్దవ్వ అంటం. ఆమెకు చదువు రాదు. బర్రెకు గడ్డి వేస్తుంటె పోయి వేలిముద్ర వేయించుకున్న. ఆ వేలిముద్ర మీద నేను ఏం రాసిన్నో ఆమెకు చదివి వినిపించలేదు.

ఇప్పుడు పని సంగతి చెప్తా. వివరంగానే చెప్తా, ఎందుకంటే మీలో ఎవరన్నా చేయాలనుకుంటె పనికొస్తది.

నడుమ పలక 30 సెంటీమీటర్ల ఎత్తు, 25 సెంటీమీటర్ల వెడల్పు. పక్క రెక్కలు ఒక్కోటి 12న్నర సెంటీమీటర్లు. రెండు కలిస్తే 25, నడుమ పలకను సరిగ్గా కప్పుతయి. లెక్క సరిగ్గానే ఉన్నది కదా? మేం కూడా అట్లనే అనుకున్నం. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తెచ్చి మా ఊరి వడ్లాయనతోని కోయించినం. బందులు కొనబోతే హార్డ్‌వేర్ షాపు సేటు కబ్జాలు కావాల్నా అన్నడు. భూమి సంగతి మాట్లాడుతున్నడేమో అనుకుని నేను బిత్తరపోయిన. తలుపు బందులనే వాళ్లు కబ్జాలు అంటరట.

పలకల మీద ఖాదీ బట్ట అంటించినం. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తది. ఆ పని పెద్దవ్వది. ఆమె చేతిలో ఉడికిన జిగురులో ఒక్క ఉండ కూడా ఉండదు. దాంట్లో సుద్ద మట్టి, గంజి, చెట్టు బంక నీళ్లు కలిపి బట్ట మీద మూడు పూతలు పూయాలె. ఒక పూత ఎండినాకనే ఇంకో పూత. ఎండినాక రుద్ది నున్నగ చేయాలె. అప్పుడే గీత సాఫుగ వస్తది.

బొమ్మ ఎట్ల పెట్టాలనేది రెండు రోజులు ఆలోచించినం. పొడుగాటి పటంలో కథ వరుసగా నడుస్తది. మూడు పలకల్లో అట్ల కాదు, నడుమది కంటికి ముందుగా కనపడాలె, పక్కవి రెండు దానికి తోడు ఉండాలె. అందుకని ఎడమ రెక్క మీద తంగేడు, గునుగు పూలు తెంపే ఆడవాళ్లను గీసినం. నడుమ పెద్ద బతుకమ్మ, చుట్టూ చప్పట్లు కొట్టుకుంట తిరిగే ఆడవాళ్లు. కుడి రెక్క మీద చెరువు, నీళ్లల్ల పోతున్న బతుకమ్మ, గట్టు మీద సత్తుపిండి, మలీద పంచుకునే పిల్లలు. వెనుక రంగు చేర్యాల పద్ధతిలో ఎరుపు. వెనకటి పటాలకు ఇంగ్లికం ఎరుపు, పేవిడి పసుపు, దీపం మసితో నలుపు వాడేటోళ్లు. మేం షాపుల్లో దొరికే ఆక్రిలిక్ రంగులు వాడినం. తొందరగా ఎండుతయి, మెరుస్తయి.

మొదటి పటం తయారైనాక పెద్దవ్వ చూసి, గౌరమ్మ ఏదే అన్నది. నిజమే, బతుకమ్మ మీద పసుపు గౌరమ్మను పెట్టడం మరిచిపోయినం. సరిదిద్దినం. తర్వాత ఆమె రెక్కలు మూసి, తెరిచి, మళ్లీ మూసి చూసింది. ఇట్ల అన్నది: "బిడ్డా, వానకాలం తలుపు ఉబ్బి పడతది కదా. ఇది ఉబ్బదా? రంగుకు రంగు ఆనుతున్నది, అతుక్కోదా? నడుమ జరంత సందు ఇయ్యరాదుండ్రి."

నేను ఏమన్న తెలుసా? "నీకేం తెల్సు పెద్దవ్వా, మేం సెల్‌లో చూసి చేస్తున్నం" అన్న. ఆమె ఇంకేం మాట్లాడలేదు. జిగురు గిన్నె కడుక్కుని పోయింది.

మూడు నెలలు పని చేసినం. పండుగ పది రోజులు ఉన్నదనంగ 20 పటాలు కాగితాల్లో చుట్టి, అట్టపెట్టెల్లో పెట్టి పంపినం. ఆ వారమంతా ముసురు. వారం తిరగకముందే ఫోన్ వచ్చింది. 12 పటాలు వాపసు పంపిస్తున్నం, మంచిగున్న 8 పటాలకు 8,000 వేస్తున్నం అన్నడు. ఆయనను తప్పు పట్టేదేం లేదు. పెట్టెలు విప్పి చూస్తే మాకే ఏడుపు వచ్చింది. రెక్క తెరవబోతే పటపట మన్నది. నడుమ పలక మీద ఉన్న ఒక ఆడమనిషి ముఖం లేచి ఎడమ రెక్కకు అంటుకుని ఉన్నది. తడి వాతావరణంలో, పెట్టెల ఒత్తిడికి, ఆక్రిలిక్ రంగుకు రంగు, వార్నిష్‌కు వార్నిష్ అతుక్కుపోయినయి. కొన్నిటికి బందులే ఊడినయి. ప్లైవుడ్ అంచుకు మరలు బిగిస్తే పొరలు విచ్చుకుంటయి, పట్టు ఉండదు. ఇంకొన్నిటికి రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూసుకోనే లేదు.

మూసుకోకపోవడానికి కారణం చిన్నది. అంచుల మీదికి కూడా మేం బట్ట చుట్టి, సుద్ద పూసినం. ఒక్కో అంచుకు ఒక మిల్లీమీటరు పెరిగింది. రెక్కకు రెండు అంచులు, రెండు రెక్కలకు నాలుగు మిల్లీమీటర్లు. నడుమ పలక పెరిగింది రెండే. చెక్కను కొలిచినం గానీ పూత మందం కొలవలేదు.

ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పు సంఘం పేరు మీద ఉన్నది. 13,000లో 8,000 వచ్చినయి. మిగతా 5,000 ఎవరు కట్టాలె? పొద్దుగాల ఇద్దరు అక్కలు మా ఇంటికే వచ్చి, మాకు తెల్వకుండ చేసినవు కాబట్టి నువ్వే కట్టుకో అన్నరు. ఒకామె బిడ్డ కాలేజీ ఫీజుకు సంఘం అప్పు అడిగి ఉండె, ఈ డబ్బు ఇరుక్కుంటే ఆమెకు ఆగుతది. వాళ్ల మాటలో తప్పు లేదు. తీర్మానం పుస్తకం వాళ్ల ముందే తెరిచిన. 11 మంది సంతకాలు ఉన్నయి. సంతకాలు చూపించి తప్పించుకోవచ్చు. కానీ అవి ఎట్ల తీసుకున్ననో నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

అప్పుడు సమావేశం పెట్టినం. చేయాల్సిన నాలుగు నెలలకు చేసినం. నేను నిలబడి, తీర్మానం చదవకుండ సంతకాలు పెట్టించిన, పెద్దవ్వ చెప్పిన మాట కొట్టిపడేసిన, ఈ రెండూ నా తప్పులే అని చెప్పిన. పెద్దవ్వ చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "సరే గని, ఆ పటాలు ఇటు తీసుకరాండ్రి, ఏం చేయొచ్చో చూద్దం" అన్నది. కాలేజీ ఫీజుకు పొదుపు డబ్బులోంచి ముందు ఇయ్యాలని ఆ రోజే తీర్మానం చేసినం. పటాలు బాగుచేసి అమ్మాలని రెండో తీర్మానం. రెండూ బిగ్గరగా చదివి, అందరూ విన్నాకనే సంతకాలు.

వడ్లాయనను పిలిచి కూర్చోబెట్టినం. పెద్దవ్వ సందు మాట చెప్పింది. ఆయన ఒక ఉపాయం చెప్పిండు. ప్లైవుడ్ చుట్టూ 12 మిల్లీమీటర్ల మందం గట్టి చెక్క రీపు కట్టాలె. ప్లైవుడ్ 9 మిల్లీమీటర్లు, వెనుక సమానంగా పెడితే ముందు వైపు రీపు 3 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటది. మూసినప్పుడు రీపుకు రీపు ఆనుతది, బొమ్మకు బొమ్మ ఆనదు. బందు మరలు గట్టి చెక్కలోకి పోతయి కాబట్టి ఊడవు. ఒక్క రీపుతోని రెండు రోగాలు కుదిరినయి.

12లో 9 పటాలు బాగైనయి. 3 పనికిరాలేదు. సంక్రాంతి తర్వాత జిల్లా కేంద్రంలో మన సంఘాల స్టాల్‌లో ఒక్కోటి 900కు అమ్మినం. ఇక లెక్క వినుండ్రి. షాపు నుంచి 8,000, స్టాల్‌లో 8,100, మొత్తం 16,100. అప్పు 13,000, వడ్డీ 720, బాగుచేసిన ఖర్చు 980 పోతే మిగిలింది 1,400 రూపాయలు. పెద్దవ్వతో కలిపి పని చేసినవాళ్లం ఐదుగురం. మనిషికి 280 రూపాయలు.

ఆ 280 చేతిలో పెట్టుకుని, మా అందరిలో చిన్నామె ఒక ప్రశ్న అడిగింది. "అక్కా, ఒక్కటి కూడా వాపసు రాకపోతే మనకు ఎంత వస్తుండె?" నేను కాగితం మీద వేసి చూసిన. ఒక పటానికి సరుకు ఖర్చు 650. అమ్మేది 1,000. మిగిలేది 350. ఒక పటానికి ఎన్ని గంటలు పడతయో అప్పుడే మొదటిసారి కూడినం. బట్ట అంటించి పూతలు వేయడానికి 3, రుద్దడానికి 2, గీయడానికి 3, రంగులకు 7, నల్ల గీతలకు 3, బందులు బిగించి సర్దడానికి 2. మొత్తం 20 గంటలు. 350ని 20తో భాగిస్తే గంటకు పదిహేడున్నర రూపాయలు. పత్తి ఏరబోతే అంతకంటే ఎక్కువ వస్తది.

అంటే అన్నీ మంచిగ జరిగినా మేం నష్టపోయేవాళ్లమే. వాన మాకు ఆ సంగతి తొందరగా చెప్పింది, అంతే. ప్లైవుడ్ ధర రాసినం, బందుల ధర రాసినం, మా చేతుల పని మాత్రం రాయలేదు. సుద్ద పూత మందం కొలవకపోతే తలుపు మూసుకోలేదు. మన గంటలు కొలవకపోతే లెక్క కుదరలేదు. ఇంట్లో వంట, బట్టలు, గొడ్ల పని లెక్కలో రాయకపోవడం మనకు అలవాటు. ఆ అలవాటే సంఘం లెక్కలోకి కూడా వచ్చింది.

తర్వాతి ఏడు ఇంకో షాపు నుంచి 15 పటాలు అడిగిండ్రు. ఈసారి నేను ఫోన్‌లో సరే అనలేదు. శనివారం మా సమావేశం ఉన్నది, ఆదివారం చెప్తా అన్న. ధర అందరం కూర్చుని కట్టినం. రీపుతో కలిపి సరుకు 700. 20 గంటలకు గంటకు 50 చొప్పున 1,000. చెడిపోయే వాటి కోసం నూటికి పది చొప్పున 170. మొత్తం 1,870. బేరం ఆడితే 1,850 దగ్గర ఆగినం. సగం డబ్బు ముందుగ తీసుకున్నం కాబట్టి అప్పు అవసరం పడలేదు. మొత్తం 27,750 వచ్చినయి. సరుకుకు 10,500. కూలి 15,000, ఎవరి గంటలు వాళ్ల పేరు మీద రాసి పంచుకున్నం. పెద్దవ్వ జిగురు వండిన గంటలు కూడా రాసినం. మిగిలిన 2,250 సంఘం పేరున నష్టాల కోసం దాచిపెట్టినం. ఒక్క పటం వాపసు వచ్చింది, గొళ్లెం ఊడింది. దాని ఖర్చు ఆ డబ్బులోంచే తీసినం. ఎవ్వరూ ఎవరింటికీ పోయి కొట్లాడలేదు.

చేయాలనుకునే అక్కలకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తా.

రెక్కలు లెక్క కంటే 2 మిల్లీమీటర్లు తక్కువ కోయించుండ్రి. అంచులకు బట్ట చుట్టొద్దు, రంగు మాత్రమే వేయండి. పలకకు ముందు వైపే పూత వేస్తే వంకర పోతది, వెనుక కూడా ఒక పూత వేయండి. బందులు బిగించే ముందు సన్నటి బెజ్జం వేయించండి, చెక్క పగలదు. మూసినప్పుడు బయట తలుపుల మీద కనిపించే బొమ్మ చివర గీయండి. మేం తంగేడు పూల గుత్తి గీస్తం, సగం ఒక రెక్క మీద, సగం ఇంకో రెక్క మీద. బందులు బిగించి, మూసినాక గీస్తేనే గుత్తి రెండు సగాలు కలుస్తయి. వార్నిష్ వేసినాక వారం రోజులు తెరిచే ఉంచండి. పంపేటప్పుడు లోపల నూనె కాగితం పెట్టండి. ఇంట్లో పెట్టుకునేవాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. రెక్కలు పూర్తిగా చాపితే పటం వెనక్కి పడుతది. కొంచెం ముందుకు వంచి పెడితే దేనికీ ఆనకుండ తనంతట తనే నిలబడతది.

ఇక సంఘం సంగతి. లీడరు అంటే సంతకాలు తీసుకొచ్చే మనిషి అని నేను అనుకుంటుండె. ఇప్పుడు మా సంఘంలో తీర్మానం చదివే పని నాది కాదు. ఒక్కో వారం ఒక్కొక్కరు చదువుతరు. చదువు రానివాళ్లు విని, విన్నది తిరిగి చెప్పాలె. మొన్న పెద్దవ్వ వంతు వచ్చింది. నేను రాసిన తీర్మానం పక్కామె చదివితే విని, "ఇండ్ల గంటకు ఎంతనో రాయలేదేందే బిడ్డా" అన్నది. నిజంగానే రాయలేదు. అక్కడే రాసి, మళ్లీ చదివినం. ఆ తర్వాతనే ఆమె వేలిముద్ర వేసింది.

మీ సంఘం పుస్తకాలు కూడా ఒకసారి తెరిచి చూసుకోండి అక్కలారా. ఎన్ని సంతకాలు విన్నాక పెట్టినయో, ఎన్ని వినకుండ పెట్టినయో మీకే తెలుసు.